ఏ నూక అని అడిగిన పాపానికి

ఉప్మాక,
నవంబరు 17.

అనకాపల్లి పట్టణమునందలి బాలికల శిక్షణ వసతి గృహముల ప్రత్యేకాధికారి వారి సముఖమునకు, ఉప్మాక గ్రామ కాపురస్థుడు, చెరకు రైతు, గొర్లి నూకరాజు వ్రాసుకొన్న మూడవ అర్జీ.

అయ్యా,

విషయం: నా కుమార్తె ధనశ్రీకి గోధుమ పడదని తెలిసియుండియు ఆమె తిండిలో గోధుమ నూక కలిపిన వార్డెనుపై చర్య తీసుకొనుట గురించి, అదే పిల్ల మెస్సులో తినుట లేదను కారణముపై ఇచ్చిన సీటు రద్దు నోటీసును వెనుకకు తీసుకొనుట గురించి.

సూచిక: జూలైలో ఇచ్చిన నా మొదటి అర్జీ, సెప్టెంబరులో ఇచ్చిన రెండవ అర్జీ. రెండూ తమ కార్యాలయములోనే ఎక్కడో ఉన్నవి.

మిక్కిలి వినయముతో విన్నవించుకొనునది ఏమనగా, వినయం మొదటి రెండు అర్జీలతోనే అయిపోయింది. ఇక ఉన్నది ఉన్నట్టు వ్రాయుచున్నాను.

1. నా కుమార్తె ధనశ్రీ, వయస్సు పద్దెనిమిది, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు మొదటి సంవత్సరము చదువుచు తమ వసతి గృహములో ఉన్నది. ఆమెకు సీలియాక్ అను వ్యాధి కలదు. గోధుమలోను బార్లీలోను గ్లూటెన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. అది కడుపులో పడితే ఈ పిల్ల పేగు లోపలి పొర పాడైపోతుంది. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం ఉండదు. మందు లేదు. జన్మంతా తినకుండా ఉండడమే మందు. చిటికెడు కూడా కూడదు. ఇది పొగరు కాదని విశాఖపట్నం డాక్టరు గారు గొంతులోంచి గొట్టం వేసి, పేగు ముక్క తీసి, పరీక్ష చేయించి వ్రాసి ఇచ్చారు. ఆ కాగితం జిరాక్సు ఇప్పటికి మూడుసార్లు జతపరిచాను. జిరాక్సు షాపువాడికి నా కూతురి పేగు సంగతి తమకంటే బాగా తెలుసు.

2. మొదటి అర్జీలో నేను కోరినది ఒక గిన్నె, ఒక గరిటె విడిగా వాడనివ్వమని. అర్జీలో గోధుమ అనే మాట కనబడగానే దానిని సరుకుల సెక్షనుకు పంపినారు. నెల తర్వాత "మీ కోరిక మేరకు వసతి గృహమునకు గోధుమ పిండి కోటా పెంచడమైనది" అని జవాబు వచ్చింది. తమ సంతకముతో. చదివి సంతకం చేశారో, సంతకం చేశాక చదువుదామనుకున్నారో తమకే తెలియాలి.

ఉప్మాలోని గోధుమ నూక పిల్లకు పడదని విడమరిచిన రెండవ అర్జీని, దాని మీదే ఒక మాట వ్రాసి తిప్పి పంపినారు. ఆ మాట యథాతథంగా: "దరఖాస్తుదారు పేరు నూకరాజు, ఊరు ఉప్మాక, ఫిర్యాదు ఉప్మా నూక గురించి. కల్పితముగా తోచుచున్నది."

అయ్యా, ఈ జిల్లాలో రాయి విసిరితే ఒక నూకరాజుకు తగులుతుంది. నూకాలమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టానని మా అమ్మ ఆ పేరు పెట్టింది. ఊరు మా తాతలనాటి నుంచి అదే. తమ నవ్వు కోసం రెండూ మార్చుకోలేను. ఆధార్ కార్డు జతపరచినాను.

3. ఆ కాగితం పట్టుకుని తమ కార్యాలయమునకు స్వయముగా వచ్చాను. తమరు మీటింగులో ఉన్నారన్నారు. గుమాస్తా దేవీప్రసాద్ గారు బల్ల మీదకు వంగి నవ్వినారు.

"పేరులోనే నూకెట్టుకుని నూక పడదంతావేటి మామా?"

"పడనిది నాకు కాదు బాబూ, నా కూతురికి. అదీ గోధుమ నూక. బియ్యం నూక తింటాది."

"గోధుమ బలం మామా. నాకు సుగరు. రేత్రయితే రెండు సపాతీలే. జబ్బు మనిసికి గోధుమే కదా ఎడతారు, పడకపోడవేటి?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇక్కడే ఉంది అసలు తంటా. మనవైపు ఒంట్లో బాగోలేదంటే చాలు, బ్రెడ్డు, బన్ను, రస్కు, గోధుమ జావ. జబ్బు మనిషిని పలకరించడానికి వచ్చినవాళ్ళ చేతిలో బ్రెడ్డు పొట్లం లేకుండా ఉండదు. ఆ బ్రెడ్డే జబ్బు అంటే ఎవరి చెవికీ ఎక్కదు.

4. ఇప్పుడు అసలు నేరం. మా ఇంట్లో నూక అంటే బియ్యం నూక. తమ మెస్సులో నూక అంటే గోధుమ నూక. చేరిన మొదటి రోజున ఉప్మా వడ్డిస్తుంటే నా కూతురు "ఏ నూక?" అని అడిగింది. అంతే. ఆ పూట నుంచి వసతి గృహంలో దాని పేరు "ఏ నూక". వార్డెను కామేశ్వరమ్మ గారు కూడా హాజరులో అలాగే పిలిచేవారట.

వంటమనిషి కాసులమ్మకు జాలి కలిగి, ఆగస్టు నుంచి చిన్న గిన్నెలో బియ్యం నూకతో విడిగా వండిపెట్టింది. సాంబారులో ఇంగువ వేయకముందే ఒక గరిటెడు తీసి ఉంచేది, ఎందుకంటే ఇంగువ డబ్బాలో కూడా గోధుమ పిండి కలుపుతారు. ఆ సంగతి డబ్బా మీద చీమంత అక్షరాలతో వ్రాసి ఉంటుంది. చదువురాని కాసులమ్మ ఆ డబ్బాను నా కూతురిచేత చదివించుకుని మరీ గుర్తు పెట్టుకుంది. తమరందరూ చదువుకున్నవారే. రెండు నెలల్లో పిల్ల నాలుగు కిలోలు పెరిగింది. మా చిన్నమ్మలు, అంటే నా భార్య, ఆ బుగ్గలు చూసి ఏడ్చింది.

నవంబరు 3, సోమవారం ఉదయం వార్డెను గారు వంటింట్లోకి వచ్చారు. తర్వాత జరిగినది కాసులమ్మ నాతో చెప్పిన మాటల్లోనే వ్రాస్తున్నాను:

"నానొద్దన్నాను బాబూ, సెయ్యట్టుకున్నాను. ఇంటేనా? 'దీనిది నాటకవో నిజవో ఇయ్యాల తేలిపోద్ది' అని గుప్పిడు గోదుం నూక ఆ గిన్నిలో పోసి కలిపీసింది. ఆ పిల్ల మారు మాటాడకుండా తినీసింది."

మధ్యాహ్నానికి వాంతులు. సాయంత్రానికి స్నానాల గదిలో పడిపోయింది. వార్డెను గారు దయగల మనిషి కాబట్టి పడిపోయిన పిల్లకు పాలు, బ్రెడ్డు ఇప్పించారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. నేను వెళ్ళేసరికి పెదవులు తెల్లగా పాలిపోయి, చెయ్యి ఎత్తలేక కళ్ళతోనే పలకరించింది. ఆ చూపు తమరు చూసి ఉంటే మూడో అర్జీ అవసరం ఉండేది కాదు.

నిజం తేలింది కదా. తేలాక వార్డెను గారు అన్న మాట: "ఎండదెబ్బ అయ్యుంటుంది." నవంబరులో.

5. గత నెల పిల్లలందరినీ అరకు తీసుకువెళ్ళారు. బస్సులో ఎవరూ క్యారేజీలు తేకూడదన్నారు. దారిలో అందరికీ పూరీ కూర, తిరుగు ప్రయాణంలో అందరికీ నూడుల్సు. నా కూతురు పొద్దుటి నుంచి రాత్రి వరకు ఆరు అరటిపళ్ళతో అరకు చూసి వచ్చింది. దాని పేరు ఎదురుగా "సహకరించని విద్యార్థిని" అని వ్రాశారు. మా ఊరి గుడిలో పులిహోర పెడితే, ఇంగువ వేశారా అని అడిగితే వంటస్వాములు విసుక్కోకుండా డబ్బా తెచ్చి చూపిస్తారు. దేవుడి వంటశాలే చూపిస్తోంది. తమ మెస్సు అంతకంటే మడి గలదా?

6. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆసుపత్రి నుంచి వచ్చాక పిల్ల మెస్సులో ముద్ద ముట్టడం లేదు. కాసులమ్మను వంట నుంచి తీసి గిన్నెలు తోమడానికి వేశారు. నేను రోజూ ఉప్మాక నుంచి ఆటోలో నక్కపల్లి, అక్కడి నుంచి బస్సులో అనకాపల్లి క్యారేజీ మోసుకొస్తున్నాను. గేటు దగ్గర బయటి తిండి నిషేధమంటున్నారు. పిల్ల గేటు బయటికి వచ్చి రోడ్డు పక్కన నిలబడి తింటోంది. ఇది చాలక ఈ నెల 14వ తేదీన నోటీసు: పది రోజులుగా (ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ లెక్కలో వేసి) మెస్సులో భుజించనందున, 28వ తేదీ లోగా భుజించుట మొదలుపెట్టనిచో సీటు రద్దు. తింటే ఆసుపత్రి, తినకపోతే నోటీసు. కోర్సులో భాగంగా పిల్లకు ఉదయం ఆరింటికి రక్త నమూనాలు తీసే డ్యూటీ ఉంటుంది. ఆ వేళకు మా వైపు నుంచి వచ్చే బస్సు లేదు. వసతి గృహంలో సీటు పోతే కోర్సు పోయినట్టే. పది ఊళ్ళ రక్తం పరీక్ష చేసి జబ్బు పేరు చెప్పవలసిన పిల్ల, తన జబ్బు పేరు తమకు చెప్పలేక ఇంటికి రావాలా?

7. కావున నేను కోరునది: నోటీసు రద్దు చేయాలి. కాసులమ్మను తిరిగి పొయ్యి దగ్గర ఉంచాలి. గిన్నె, గరిటె, మూత నేనే కొని, వాటి మీద నా కూతురి పేరు కొట్టించి తెస్తాను. బియ్యం నూక మా ఇంటి నుంచి తెస్తాను. తమరు ఇవ్వవలసినది పొయ్యి మీద జానెడు చోటు. కామేశ్వరమ్మ గారిని వంటింటి గడప తొక్కనివ్వరాదు, తిండిలో తెలిసి విషం కలిపినవారికి ఏ శిక్షో ఆమెకు అదే వేయాలి. 28 దాకా జవాబు రానిచో, 29 ఉదయం తమ కార్యాలయం గేటు ఎదుట మూడు రాళ్ళు పెట్టి నా కూతురికి నేనే వండిపెడతాను. పోలీసులను పిలవండి. వాళ్ళకు కూడా ఏ నూకో చూపిస్తాను.

ఈ మూడవదానినైనా సరుకుల సెక్షనుకు పంపక తమరే కళ్ళతో చదివి చిత్తగించవలెను.

ఇట్లు,
ఈ నెల 28 వరకు మాత్రమే
తమ విధేయుడు,
గొర్లి నూకరాజు

జత: డాక్టరు గారి కాగితం, ఆసుపత్రి చీటీ, నోటీసు నకలు, నా పేరు నిజముగా నూకరాజే అనుటకు ఆధార్ జిరాక్సు.

తా.క. కవరు అంటించే ముందు ఇదంతా ధనశ్రీకి ఫోనులో చదివి వినిపించాను. నాలుగో అంశం అయ్యాక ఆపమంది.

"మరి నువ్వు సేసింది రాయవేటి నాన్నా?" అంది.

అది ఎవరికీ తెలియదనుకున్నాను. రెండేళ్ళ కిందట, విశాఖపట్నం డాక్టరు గారు చెప్పి వచ్చిన వారానికి, చిన్నమ్మలు పుట్టింటికి వెళ్ళిన రోజున, బియ్యప్పిండి అట్ల పిండిలో నేనే రెండు చెంచాల గోధుమ పిండి కలిపాను. అన్నం తినే ఇంట్లో పుట్టినదానికి గోధుమ జబ్బేమిటి, నాటకమో నిజమో తేల్చుకుందామని. వార్డెను గారి మాటే నా మాట. పిల్ల మూడు రోజులు మంచం దిగలేదు. అప్పుడు నమ్మాను. ఈ రోజు వరకు చిన్నమ్మలుకు కూడా చెప్పలేదు.

"నీకెలా తెలిసిందమ్మా?" అన్నాను.

"ఒట్టి బియ్యప్పిండి అట్టయితే ఇరిగిపోద్ది, అది సాగింది కదా నాన్నా. సూత్తేనే తెలిసిపోయింది."

"తెలిసి ఎందుకు తిన్నావే?"

"తినకపోతే నువ్వు నమ్మవు కదా."

తర్వాత తనే అంది: "వార్డెనమ్మ కలిపిందీ తెలుసు నాన్నా. నువ్వలాగే నమ్మేవు కదా, ఆవిడా నమ్ముద్దేమోనని తినీసేను."

కావున ఏడవ అంశములో వార్డెను గారి పేరు ప్రక్కన నా పేరు కూడా చేర్చుకోవలెను. ఆ శిక్ష నాకూ వేయండి, కాదనను. సీటు మాత్రం తీయకండి. తమకు ఇంకా అనుమానం మిగిలి ఉంటే నన్ను పిలిచి అడగండి, డాక్టరు గారిని అడగండి. నా కూతురి దగ్గర మాత్రం ఆ మాట అనకండి బాబూ. అంటే మళ్ళీ తినేస్తుంది.