తగ్గుతున్న స్క్రూలు

జూన్ 4, సాయంత్రం 6:40
స్క్రూలు తగ్గాయి. నిన్న ఆట ఆపేటప్పుడు పెట్టెలో 212 ఉన్నాయి. ఇవాళ 188. జిగురు, రాగి, గుడ్డపీలికలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. రక్తపరీక్షల ల్యాబులో పదకొండేళ్లుగా చేస్తున్నాను, ఒకరి ట్యూబు మీద ఇంకొకరి పేరు పడిన రోజు లేదు. నా లెక్క తప్పదు.

ఆ పెట్టె తెరవగలిగేది ఇద్దరమే. నేను, అక్క.

జూన్ 5
ప్రపంచం నాశనమైపోయాక మిగిలిన పాత సామాను ఏరుకొచ్చి, విప్పి, ఆ ముక్కలతో మళ్లీ ఊరు కట్టుకోవాలి. అదీ మా కంప్యూటర్ ఆట. చెక్క ఎక్కడైనా దొరుకుతుంది. స్క్రూలే బంగారం. టేబుల్ ఫ్యాన్ విప్పితే మూడు, టైప్‌రైటర్ విప్పితే రెండు.

మూడేళ్లు మాటల్లేని అక్కతో మళ్లీ మాట కలిసింది ఈ ఆటలోనే. అమ్మ పోయిన వారానికి అమ్మ చేతివాచీ కనబడలేదని అందరి ముందూ అక్క బ్యాగు తెరిపించాను. అందులో లేదు. ఎక్కడా దొరకలేదు. ఇప్పుడు తలుపు ఎటు పెట్టాలి, బావి ఎక్కడ తవ్వాలి అనుకుంటూ మెల్లగా ఇంటి సంగతుల దాకా వచ్చాం. వాచీ ఊసు మాత్రం ఇద్దరం ఎత్తం.

జూన్ 6
మళ్లీ 20 లేవు.

జూన్ 8, సాయంత్రం 7:00
హెడ్‌ఫోన్‌లో మామూలుగానే అడిగాను, స్క్రూలేమైనా వాడావా అని. వాడలేదంది. అంతటితో ఊరుకోవచ్చుగా. నీ స్క్రూలు నాకెందుకే, నేను కట్టేదేముంది అని ఇంకో రెండు నిమిషాలు చెప్పింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే. చిన్నప్పుడు నా రబ్బరు తన పెట్టెలో దొరికితే అదే నడిచొచ్చిందన్న మనిషి.

మా ఆయన నవ్వాడు. లేని స్క్రూల కోసం ఉన్న అక్కని పోగొట్టుకోకు అన్నాడు. తన చెప్పులు కనబడకపోతే వీధంతా వెతికించింది ఈయనే.

జూన్ 9
ల్యాబులో మనసు పెట్టలేకపోయాను. అక్క ఎక్కడో సొంతంగా ఇంకో ఊరు కట్టుకుంటోందా? బావకి కూడా ఆట నేర్పిందా? నిన్న హెడ్‌ఫోన్‌లో బావ దగ్గు వినిపించింది. ఆటలంటే గిట్టని మనిషికి ఆ గదిలో ఏం పని?

ఊరి గోడ మాత్రం బాగుంది. ఆటలోని దొంగల గుంపు రోజూ వచ్చి కాల్చి పోతున్నా ఒక్క గీత పడలేదు. ఎవరు కట్టిన గోడ మరి.

జూన్ 11
మేం ఆడినా ఆడకపోయినా ఆ ఊరు నడుస్తూనే ఉంటుంది. అందుకే లంచ్‌కి ఇంటికొచ్చి చూశాను. 150. సాయంత్రానికి 131. మధ్యలో ఆటలోకి వచ్చింది అక్క ఒక్కతే, మూడుంబావుకి. ఎవరెప్పుడొచ్చారో ఆటలోనే టైముతో సహా రాసి ఉంది.

ఇంక ఆపుకోలేకపోయాను. నువ్వే తీస్తున్నావని అనేశాను. తను అప్పుడు గోడ బయట పాత ఆఫీసుల్లో సామాను ఏరుతోంది. బ్యాగు కూడా చూపించనా అని అడిగింది.

పెట్టెనీ గేటునీ తెరవగలిగేవాళ్ల లిస్టులోంచి అక్క పేరు తీసేశాను.

జూన్ 12
ఆట ఆపేస్తే తెర మీది మన మనిషి ఉన్నచోటే నిద్రపోతుంది. అక్క మనిషి గేటు బయట పడుకుని ఉంది. తిరిగొచ్చినట్టుంది, గేటు తెరుచుకోలేదు. భుజాన సంచి ఉంది. నాకేం జాలి కలగలేదు.

జూన్ 13, సాయంత్రం 6:15
118.

పెట్టె ఇప్పుడు అక్కకి అందదు. మరి ఎవరు?

6:50
మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన పెట్టె చూడలేదు, గోడ చూశాడు. రోజూ కాలుస్తుంటే గీతైనా పడదేంటని అడిగాడు.

సెట్టింగ్స్ తెరిచాను. గోడ దానంతటదే రిపేరయ్యేలా టిక్ పెట్టి ఉంది. జూన్ 3న. నా పేరుతో. తూటా పడిన ప్రతిసారీ గోడే పెట్టెలోంచి స్క్రూలు తీసుకుంటోంది. తీరిగ్గా గోడ కట్టి, టిక్ పెట్టి, మర్చిపోయి, అక్కని దొంగని చేశాను.

బయటికెళ్లి మళ్లీ తన సంచే తెరిచాను. తొమ్మిది టేబుల్ ఫ్యాన్లు. స్క్రూలు తగ్గాయని రోజూ ఏడ్చానుగా, నా కోసం ఏరుకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫోన్ చేస్తే బావ ఎత్తాడు. తప్పు నాదేనని చెప్పమన్నాను. ఆయన పక్కకి వెళ్లి అడిగొచ్చాడు. స్క్రూల గురించైతే అక్కర్లేదందట. వాచీ గురించైతే వింటానందట.

ఫోన్ పెట్టేశాను.

జూన్ 14
ల్యాబుకి సెలవు పెట్టాను. దొంగలు ఇంతవరకూ గేటు వైపు రాలేదు. నిద్రలో ఉన్న మనిషిని వాళ్లు కాల్చేస్తే ఆట మళ్లీ మొదటి నుంచి ఆడాలి. అక్క ఆడదు. నాకు తెలుసు.

గేటు లిస్టులో పేరు మళ్లీ చేర్చాను. కానీ లోపలికి తను నడిచి రావాలి, నేను మోసుకురాలేను.

జూన్ 15, సాయంత్రం 5:30
ఊరి గోడంతా విప్పి అక్క చుట్టూ కట్టాను. పెట్టెలో స్క్రూలు సున్నా. వాచీ నువ్వు తీయలేదక్కా అని మెసేజ్ పెట్టాను, ఇంకా చూడలేదు. దొంగలు వస్తున్నారు. నేను గోడ బయట ఉన్నాను.