భరిణెలో కనిపించినామె

కోదాడ

చిరంజీవి విజయకు, బావ ఆశీస్సులు.

ఫోన్‌లో మొదలుపెడితే ఇద్దరం మాట సగంలోనే పెట్టేస్తున్నాం. అందుకే ఉత్తరం.

మీ అక్క ఆఖరి రోజు ఎలా గడిచిందని అడిగావు. పొద్దున ఇద్దరం టీ తాగాం. తర్వాత వెండి కుంకుమ భరిణెను చింతపండుతో తోమింది. "గోపిక పెళ్లికి ఇదే ఇద్దాం. ఇచ్చేముందు మంచిగ ఒక్క ఫోటో తియ్యి. మా అమ్మ వస్తువు, మన ఇంట్ల గుర్తుండాలె" అంది. రేపు తీస్తానన్నాను. మధ్యాహ్నం ఛాతీలో నొప్పంది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. దీపాలు పెట్టే వేళకు పోయింది.

నీ కూతురి పెళ్లి దగ్గర పడింది. ఫోటో ఇంకా కుదరలేదు. భరిణె గుండ్రంగా, అద్దంలా ఉంది. ఎటునుంచి తీసినా అందులో బనియన్‌తో నేనే కనిపిస్తున్నాను. ఉన్నవాటిలో మేలైనదాన్ని ప్రింటు తీయించి పంపుతున్నాను. సరైన ఫోటో రాగానే భరిణె తెచ్చిస్తాను.

ఇట్లు,
ధనుంజయ్

తా.క.: చొక్కా వేసుకుని కూడా తీశాను. అప్పుడు చొక్కా కనిపించింది.

*

మిర్యాలగూడ

బావకు విజయ దండాలు.

ఫోటో అందింది. అద్దాలు పెట్టుకొని సూసిన. భరిణెల నువ్వున్నవ్, సరే. నీ ఎనక తెల్లచీర కట్టి, ముసుగేసుకొని నిలబడ్డది ఎవరు? అక్క పోయి ఏడాది గూడ నిండలే. సూటిగ చెప్పు, నేనేం అనను. ఇప్పటిదాంక అన్నది గూడ మా ఇంట్లనే అన్న.

మా ఆయనకు చూపిస్తే, "ఎవరో ఉన్నట్టే ఉంది గని, మనిషి జర పొట్టి" అన్నడు.

నీ మరదలు,
విజయ

తా.క.: భరిణె ఆమెకే పెడతవేమోనని గోపిక బెంగపడి అన్నం ముట్టలే. మిర్చి బజ్జీలు మాత్రం తిన్నది.

*

కోదాడ

విజయకు ఆశీస్సులు.

ఇంట్లో ఎవరూ లేరు. అది మీ అక్క నేత చీర. కిటికీ ఎండ నేరుగా పడితే వెండి మీద తెల్లగా మచ్చ కడుతోంది. చీరలోంచి వస్తే వెలుతురు మెత్తగా ఉంటుంది. అందుకని కుర్చీలకు కట్టాను. బయట కూర్చుంటే గదంతా భరిణెలో పడుతోంది కనుక ఇప్పుడు నేనూ చీరలోనే ఉంటున్నాను. కామర్స్ చెప్పుకుని బతికినవాణ్ణి, వెలుతురు సంగతి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

ఇట్లు,
ధనుంజయ్

తా.క.: నీలం చీర కూడా చూశాను. బాగాలేదు. తెల్లదే నప్పింది.

*

మిర్యాలగూడ

బావకు దండాలు.

నీ ఉత్తరం అందరికీ సదివి వినిపించిన. మా ఆయన లేసి బయటికి పోయిండు.

కుర్చీలకు చీర కట్టినవ్. నువ్వు చీరల ఉంటున్నవ్. నీలం నప్పలేదంటున్నవ్. నేనేమన్న తప్పుగ అంటే మనసుల పెట్టుకోకు. భరిణె ఇయ్యకున్నా మంచిదే, నువ్వు మంచిగుండు బావా. గోపిక గూడ గదే అన్నది. సూర్యాపేట నుంచి యాదగిరన్నను పంపుతున్న. తలుపు తియ్యి.

నీ మరదలు,
విజయ

తా.క.: అన్న వచ్చే యాళ్లకు ప్యాంటు చొక్కా మీద ఉండు.

*

కోదాడ

విజయకు ఆశీస్సులు.

యాదగిరి బావ వచ్చాడు. ప్యాంటు చొక్కాలోనే తలుపు తీశాను. నన్ను కిందికీ పైకీ చూసి, కుర్చీల మధ్యకు తొంగి చూశాడు.

"ఏంది బావా, గీడ డేరా ఏసినవ్?"

"గాలికి ఊగుతోంది. ఆ అంచు పట్టుకో."

పట్టుకున్నాడు. అంచును వేళ్లతో తడిమి, "సెల్లె చీర గద ఇది" అన్నాడు. అవునన్నాను.

రెండు అంచులు బట్టల క్లిప్పులతో కలిపి, సందులోంచి ఫోన్ కన్ను మాత్రం లోపలికి పెట్టాను. ఇప్పుడు నేను లేను, గది లేదు. కానీ అంతా తెలుపై భరిణె అంచు కనిపించలేదు. ఇంతలో బావ తన నల్ల గొడుగు తెచ్చి భరిణె పక్కన ఆనించాడు. ఎందుకని అడిగితే, ఇంకెక్కడైనా పెడితే మరిచిపోతానని అన్నాడు. వెండి పక్కన నల్లటి గీత పడింది. భరిణె ఆకారం తేలింది. ఫోటో వచ్చింది.

బావ ఫోన్ చేతికి తీసుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగుంది. దుకాణంల సామాను లెక్కుంది. మనింటి వస్తువంటే మనోళ్లు ఎవలన్న ఉండాలె గద."

నాకూ అలాగే అనిపించింది. క్లిప్పులు తీసేసి మళ్లీ తీశాను. అందులో చీర, దాని ముందు వంగి నేను, నా భుజం మీంచి బావ. మా ఇంటికి అదే ఉంచుకున్నాను. ఎవరూ లేనిది గోపికకు.

బావను ఇంకా నాలుగు రోజులు నాతో ఉండమన్నాను. ఉంటానన్నాడు.

ఇట్లు,
ధనుంజయ్

తా.క.: నేను బాగానే ఉన్నానని బావ నీకు వీడియో కాల్‌లో చెబుతానంటే వద్దన్నాను. అప్పుడు చీరలో ఉన్నది తను.

ఇంకో మాట. ఖాళీ భరిణె ఇవ్వకూడదని బావ అంటున్నాడు. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, నీ చేతికే ఇస్తాను. రేపు పొద్దున దుకాణం తెరవగానే కుంకుమ కొని, భరిణె నింపి, బావను వెంటబెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కుతాను.