మనింట్లో గుండెజబ్బు ఎవరికీ లేదు

అమ్మడూ, నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మా నేనూ వేళకింత తిని తిరుగుతున్నాం. అక్కడ మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నా మోకాలి సంగతి అడిగావు. అది కుంటుతూ రోజూ షాపుకి పోతోంది, నన్ను వెంటేసుకుని. తమ్ముడు చూపించుకున్న ప్రైవేటు క్లినిక్ ఏదని కూడా అడిగావు. పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోతున్నావనీ, వాడికున్న ఏడీహెచ్‌డీయే నీకూ ఉందేమోననీ రాశావు. అక్కడికే వస్తున్నాను. నేను తిన్నగా వచ్చే మనిషిని కానని నీకు తెలుసుగా.

వాడి మనసు ఒకచోట నిలిచేది కాదు. షాపుకి రిపేరుకొచ్చిన కుట్టుమిషన్లు నాలుగు ఒకేసారి విప్పి, ఏ స్క్రూ దేనిదో తెలియక తల పట్టుకునేవాడు. పెద్దాసుపత్రిలో పరీక్షకి ఏళ్ళ తరబడి వరుస. అందుకని ఫోన్‌లో చూసే క్లినిక్‌ని పట్టుకున్నాడు. తెర మీద డాక్టరు కనిపించి, నాలుగు ప్రశ్నలడిగి, జబ్బు ఖాయం చేసి, మాత్రలు రాసేశాడు. టీ చల్లారేలోపు అంతా అయిపోయింది. నాడి పట్టినవాడు లేడు. ఫోన్‌లోంచి చెయ్యి రాదుగా!

మాత్ర పనిచేసింది, అబద్ధమెందుకు. ఒక మిషను బిగించాకే ఇంకోటి విప్పేవాడు. ఎదురు షాపు టైలరమ్మ, "బాబాయ్, మీవాణ్ణి ఎవరైనా మార్చేశారా ఏంటి?" అంది. తర్వాత తిండి పోయింది, నిద్ర పోయింది. గుండె దడదడలాడుతోందని క్లినిక్‌కి ఫోన్ చేస్తే, కాసేపు పాట వినిపించి పెట్టేశారు.

ఇంతసేపూ దాటేసిన మాట ఇప్పుడు రాస్తున్నాను. మొన్న వాడు షాపులోనే పడిపోయాడు. పెద్దాసుపత్రిలో వాడి మంచం పక్కన కూర్చునే ఇది రాస్తున్నాను. గండం గడిచిందన్నారు. కానీ గుండె కొట్టుకోవడంలో పుట్టుకతోనే తేడా ఉందట, అలాంటి గుండెకి ఆ మాత్రలు పడవట.

"ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని ఆ క్లినిక్‌లో అడగలేదా?" అంది ఇక్కడి డాక్టరమ్మ.

"అడిగారండీ. ఎవరికీ లేదన్నాను" అన్నాడు వాడు.

వాడు అబద్ధమాడలేదమ్మా. మీ తాతయ్య నలభై దాటకుండానే పడుకున్నవాడు పడుకున్నట్టే పోతే మనింట్లో ఏమనుకున్నాం? "అదృష్టవంతుడు, నిద్రలో పోయాడు" అనుకున్నాం. వాడు పుట్టినప్పట్నుంచీ విన్నది అదే. ఆయనదీ గుండే అయ్యుంటుందని డాక్టరమ్మ ఇప్పుడంటోంది. గుచ్చి గుచ్చి అడిగే మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ సంగతి అప్పుడే బయటపడేది.

నీదీ అదే రక్తం. ఆ క్లినిక్ పేరు నీకు రాయను. ముందు గుండె చూపించుకో, తాతయ్య సంగతి చెప్పు. ఆ తర్వాత వరుసలోనే నిలబడు తల్లీ, ఎంత ఆలస్యమైనా.

కునుకు తీస్తున్నవాడు ఇప్పుడే కళ్ళు తెరిచాడు.

"నాన్నా, ఆ మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ నా బుర్రలో రొద లేదు. మళ్ళీ ఇస్తారేమో అడగవూ?"

ఇక ఇవ్వరని డాక్టరమ్మ పొద్దున్నే నాతో చెప్పేసింది.

"అడుగుతాలేరా, పడుకో" అన్నాను.

ఇట్లు,
మీ ఇద్దరి నాన్న