చింతపండు తగలని చోటు

అవ్వకు అమల రాసేది, తిరుపతి నుంచి. ఫోన్లో నీకు సరిగ్గా వినపడినట్టు లేదు. నేను చేరింది పాత సామాన్ల అంగట్లో కాదు, మ్యూజియంలో. మట్టిలో దొరికిన పాతకాలం లోహం వస్తువులు యాడ చేసినారో, దేనికి వాడినారో కనుక్కోవడం మా పని. ఈడ బాగానే తింటా ఉండాను, దిగులు పడొద్దు.

నిన్న పాకాల పక్క నుంచి వరలక్ష్మమ్మ అనే ఆమె చేన్లో దొరికిన కంచు గిన్నె తెచ్చింది. రెండు దినాలు చింతపండు, బూడిద వేసి తోమి, కుంకుమ బొట్టు పెట్టి మరీ తెచ్చింది. మా సారు తల పట్టుకున్నాడు. అంటుకున్న మాడును బట్టే కదా అందులో ఏం వండినారో తెలిసేది. "మాసిన గిన్నె నలుగురి ముందర ఎట్ల పెడతాము సామీ" అనిందామె. అచ్చం నువ్వే అనుకున్నాను. ఆమే నేనూ కూర్చోని వెతికితే, లోపలికి మడిచిన అంచు కింద, వేలు దూరని చోట, గోరంత మాడు మిగిలి ఉండాది. అది చాలన్నాడు సారు.

నాయన మోకాలి నొప్పి ఎట్లుండాది? ఆదివారం వస్తాను, సంగట్లోకి ఊరిబిండి నూరి పెట్టు. శుక్రవారం శుక్రవారం తోముతావే, మీయమ్మ వండిన కంచు గిన్నె, దాన్ని ఈ వారం ముట్టొద్దు. దానికీ అట్లాంటి అంచే ఉండాది. మీయమ్మ మొగం గుర్తే లేదంటావు గదా. ఆమె నీకు వండి పెట్టింది ఆ అంచు కింద ఇంకా రవ్వంత ఉంటాదేమో, ఇద్దరం సూద్దాము.

నీ కాళ్లకు మొక్కుతా,
అమల