రోజుకు నాలుగు లైన్లు

సెప్టెంబర్ 14, ఆదివారం

ఇది మా ఆవిడ సునయన లాప్‌టాప్. రాయమన్నదీ ఆమే.

ఆమె పోయి నెల దాటింది. డెంగీ. ఆస్పత్రికి నడిచి వెళ్లిన మనిషి నడిచి రాలేదు. ఇంతకు మించి ఆ సంగతి ఇక్కడ రాయను.

లాప్‌టాప్ మంచం పక్కన స్టూలు మీద ఛార్జర్‌కి తగిలించినట్టే ఉండిపోయింది. ఇవాళ దుమ్ము తుడుద్దామని మూత ఎత్తితే వెలిగింది. పాస్‌వర్డ్ మా వైఫైదే. లోపల నల్లటి స్క్రీను, ఆమె రోజంతా ఆఫీసు పని చేసుకునే ఎడిటర్. అందులో తెలుగు. వత్తులొకచోట, అక్షరాలొకచోట పడి ఉన్నాయి గానీ చదువుకోవచ్చు.

“త్యాగరాజుగారికి. లేత్ నూనె పోయేదాకా చేతులు కడుక్కుని కూర్చోండి” అని మొదలు.

జ్వరంలో పడుకుని నా కోసం టైపు చేసింది. మా లేత్ షాపు కొటేషన్లు నేను ఒక్క వేలితో కొడుతుంటే ఆమెకు కడుపు మండేది. మౌస్ ముట్టకుండా కీబోర్డుతోనే అన్నీ చేయొచ్చు, నేర్పుతానంటే, అలాగే మేడమ్, రేపు మేడమ్ అని తప్పించుకునేవాణ్ణి. అందుకే ఇలా రాసి పెట్టినట్టుంది.

i నొక్కితే రాయడం మొదలు. అది నొక్కకుండా టైపు చేస్తే మాట వినదట, ఇష్టమొచ్చినట్టు గెంతుతుందట. Esc నొక్కితే రాయడం ఆగుతుంది. ఏం చేయాలో తోచనప్పుడల్లా Esc. :w కొట్టి ఎంటర్ నొక్కితే రాసింది దాచుకుంటుంది. dd కి లైను మొత్తం పోతుంది, p కి పోయిన లైను మళ్లీ దిగుతుంది. u కి చేసింది రద్దు. Ctrl r కి రద్దు చేసింది రద్దు. ఆఖరున, “కింద ఖాళీ ఉంది. రోజుకు నాలుగు లైన్లు రాయండి, ఏదైనా సరే. చేయి దానంతట అదే తిరుగుతుంది.”

రాశాను. నాలుగు ఎప్పుడో దాటాయి.

సెప్టెంబర్ 15

ఈ ఎడిటర్‌లోంచి బయటికి ఎలా రావాలో చెప్పలేదు. అన్నీ చెప్పి అదొక్కటే వదిలేసింది. ఫోన్‌లో వెతికితే నిమిషంలో దొరుకుతుంది. వెతకను. ఆమె చెప్పాల్సింది ఆమే చెప్పాలి. ఇలాగే తెరిచి ఉంచి మూత మూసేస్తున్నాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

అన్నం మాడింది. తిన్నాను.

షాపులో రోజంతా తమిళమే. పార్ట్‌నర్ నాగప్పన్ మంచివాడు. సాప్పిట్టియా అని రోజుకు మూడుసార్లు అడుగుతాడు, తిన్నానంటే నమ్మినట్టు తల ఊపుతాడు. వీధిలో తమిళం, పాలవాడితో తమిళం. తెలుగు మాట్లాడేది ఇంట్లో ఒక్క ఈమెతోనే. ఈమెది ఒంగోలు తెలుగు, మాది నాలుగు తరాల మద్రాసు తెలుగు. నేను ఈడ, ఆడ అంటే ఇంటికొచ్చిన వాళ్ల ముందు కూడా నవ్వేది. కోపమొచ్చేది నాకు. ఇప్పుడు ఎన్ని ఈడలు, ఎన్ని ఆడలు అన్నా అడిగేవాళ్లు లేరు.

Esc కొట్టాక కీబోర్డును ఇంగ్లీషుకి మార్చుకోవాలి. తెలుగులో ఉంచి u కొడితే అది ఉలకదు, పలకదు. ఈ ముక్క ఆమె చెప్పలేదు, నేనే కనుక్కున్నాను. చెబుదామని వంటింటి వైపు తల తిప్పాను.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఇవాళ కొద్దిలో తప్పింది.

dd ప్రాక్టీస్ చేస్తూ ఒక లైను పొరపాటున చెరిపి, సరిచేద్దామని u కొట్టాను. ఒకసారి కొడితే సరిపోయేది. కంగారులో కొడుతూనే పోయాను. శుక్రవారం రాసిందంతా ఒక్క దెబ్బకి పోయింది. ఒక్కో u కి ఒక్కో రోజు. సోమవారం, పోయిన ఆదివారం రాసినవీ పోయాయి. ఇంకోసారి కొట్టాను.

ఆమె లైను మారింది. “రోజుకు నాలుగు లైన్లు” అని ఉన్నచోట “రోజుకు పది లైన్లు” అని వచ్చింది.

ముందు పది అని కొట్టింది. ఈయనవల్ల కాదులే అనుకుని నాలుగు చేసింది. జ్వరంలో, దిండుకి ఆనుకుని, ఆ మూతి విరుపుతో. నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. చేయి అక్కడే తీసేశాను. Ctrl r కొట్టుకుంటూ వచ్చాను. నాలుగు వచ్చింది, నా రోజులు వచ్చాయి.

లేత్ మీద ఒక నూలు మందం ఎక్కువ కోస్తే ఆ ఇనుము తుక్కుకే. ఇరవై ఆరేళ్లుగా నాకు తెలిసిన పని అది. చెరిపింది లోపల ఎక్కడో ఉంటుందని ఎవరనుకున్నారు.

సెప్టెంబర్ 28, ఆదివారం

సునయన ఆఫీసులో పనిచేసే కలైవాణి వచ్చింది. సునయన డెస్కు మీద ఉన్న మగ్గు, చిన్న దువ్వెన, శాలువా ఒక సంచీలో తెచ్చి ఇచ్చింది. కాఫీ పెట్టాను. పంచదార మరిచిపోయాను, అలాగే తాగేసింది.

u సంగతి అడిగాను. తమిళంలో నెమ్మదిగా చెప్పింది. సునయన మొదటి అక్షరం దగ్గర్నుంచి రాసినవీ, చెరిపినవీ అన్నీ అందులో వరసగా ఉన్నాయట. ఆమె మొదలుపెట్టినప్పటి నుంచి ఎడిటర్‌ని ఎవరూ మూయలేదు కాబట్టి ఉన్నాయట. ఒక్కసారి బయటికి వస్తే, లేదా కరెంటు లేక మెషిన్ ఆగిపోతే, దాచుకున్న రాత మిగులుతుంది గానీ వెనక్కి వెళ్లే దారి పోతుందట. వెనక్కి వెళ్లినప్పుడు మధ్యలో కొత్తగా ఒక్క అక్షరం కూడా కొట్టొద్దంది. ఆ దారిని దాచిపెట్టే ఉపాయం ఏమైనా ఉందేమో ఎవరినైనా అడుగుతానంది. వాళ్ల టీంలో ఈ ఎడిటర్ వాడేది సునయన ఒక్కతేనట.

బయటికి రావడం ఎలాగో చెప్పబోయింది. వద్దన్నాను.

ఆమె వెళ్లాక ఛార్జర్ ప్లగ్గుకి టేపు వేశాను.

అక్టోబర్ 5

ఎన్నూరు నుంచి అక్క ఫోన్. ఆడ ఒంటిగా గోడలు చూసుకుంటా ఏం చేస్తా ఉండావురా, ఈడికి వచ్చెయ్, మేడ మీద గది ఖాళీగానే ఉంది కదా అంది. షాపు ఎట్లా అంటే రైల్లో పోయి రా అంది. నిజమే, రైలుంది. లాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బిపోయింది, ప్లగ్గు తీస్తే ఎంతసేపు బతుకుతుందో తెలియదు, అది తీసుకుని చూలైలోని మా ఇంటి నుంచి ఎన్నూరు దాకా రాలేను అని అక్కకి ఎలా చెప్పను. పిచ్చెక్కిందనుకుంటుంది. చూద్దాంలే అక్కా అన్నాను. చూద్దాం చూద్దాం అంటానే ఉండు అని పెట్టేసింది.

అక్టోబర్ 9

రోజూ అనుకుంటాను, ఇవాళ మొత్తం వెనక్కి పోయి చూద్దామని. వేలు u మీద పెడతాను. తీసేస్తాను. చూసేస్తే అయిపోతుంది. చూడనంతకాలం ఆమె దగ్గర్నుంచి నాకు రావాల్సింది ఇంకా కాస్త ఉన్నట్టే.

ఇది పిరికితనమని నాకు తెలుసు.

అక్టోబర్ 20

దీపావళి. మోత భరించలేక కిటికీలు మూశాను. ఇడ్లీలు ఎప్పటిలాగే ఇద్దరికి పెట్టాను.

నవంబర్ 2, ఆదివారం

నాలుగు గోడల మధ్య నా గొంతు నాకే వినపడి ఉలిక్కిపడ్డాను. రాసేటప్పుడు పైకి చదువుతున్నానన్నమాట. ఎప్పటి నుంచో తెలియదు.

చేయి మాత్రం తిరిగింది. షాపు కొటేషన్ నేను పది వేళ్లతో కొడుతుంటే నాగప్పన్ పని ఆపి నిలబడి చూశాడు. ఎవరు నేర్పించారని అడిగాడు. సునయన అన్నాను. తల ఊపి మెషిన్ దగ్గరికి పోయాడు.

నవంబర్ 9, ఆదివారం

కలైవాణి మెసేజ్. ఉపాయం ఉందట. వెనక్కి వెళ్లే దారిని కూడా ఫైల్‌గా దాచుకోవచ్చట. ఫోన్‌లో చెప్తే తప్పు కొడతానేమోనని శనివారం తనే వస్తానంది. ఆరు రోజులు. ప్లగ్గు టేపు మార్చాను. ఆగస్టు తర్వాత ఒక తేదీ కోసం ఎదురుచూడటం ఇదే మొదలు.

నవంబర్ 12

వాన. ఆగలేదు.

నవంబర్ 13, గురువారం, మధ్యాహ్నం 2:10

మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. షాపు తెరవలేదు. కరెంటు తీసేశారు. నీళ్లు దిగేదాకా ఇవ్వరని, రెండు రోజులైనా పట్టొచ్చని కింది ఇంటివాళ్లు చెప్పారు. ఫోన్‌లో టవర్ లేదు, కలైవాణికి కాల్ పోవడం లేదు. బ్యాటరీ డెబ్బై ఒకటి అని చూపించి, నేను ఈ నాలుగు ముక్కలు రాసేలోపే అరవై రెండుకి దిగింది. మూత మూసి పడుకోబెట్టినా శనివారం దాకా ఆగదు.

ఇక వెనక్కి వెళ్తున్నాను.

మధ్యాహ్నం 2:50

చూశాను. ఇరవై ఒకటి మిగిలింది. త్వరగా రాయాలి.

u కొడుతూ పోయాను. ఇవాళ్టి వాన పోయింది, కలైవాణి మెసేజ్ పోయింది, దీపావళి పోయింది, అక్క ఫోన్ పోయింది. రెండు నెలలు నిమిషం కూడా పట్టలేదు. ఇంత ఒంటరితనం ఇంతేనా అనిపించింది. నాలుగు పది అయింది. అక్కణ్ణుంచి ఆమె. ఆమె లైనుకొకసారి Esc కొట్టే మనిషి. ఒక్కో u కి ఒక్కో లైను వెనక్కి వెళ్లింది.

పది లైన్ల మాట పోయాక, Ctrl r గురించి ఆమె రాసిన లైను కింద కొత్త లైను ఒకటి వచ్చింది. ఆమె రాసి చెరిపేసింది.

“:q – బయటికి రావడం. ఇది ఇప్పుడే చెప్తే రెండో నిమిషంలో షాపుకి పారిపోతాడు. నాలుగు లైన్లు రాయడం వచ్చాక చెప్తా.”

ఎన్నిసార్లు చదివానో. నాతో ఎప్పుడూ మీరు, గారు అనే మనిషి, తనలో తను నన్ను వాడు అనుకునేది. నాకు చాలా బాగుంది అది.

ఇంకా వెనక్కి పోయాను. dd పోయింది, :w పోయింది, Esc పోయింది, i పోయింది. పైన “త్యాగరాజుగారికి” ఒక్కటే మిగిలింది. ఇంకొక్కసారి కొట్టాను. అది మారి, “ఒరేయ్ మద్రాసోడా” అయింది.

నవ్వాను. చీకటి ఇంట్లో పెద్దగా, ఒక్కణ్ణే. నవ్వుతూనే ఏడ్చాను. రాస్తే సిగ్గుగా ఉంది గానీ రాస్తున్నాను.

ఇంకొకటి కొట్టాను. ఖాళీ స్క్రీను. మళ్లీ కొడితే కింద Already at oldest change అని వచ్చింది. ఇంతకంటే వెనక్కి లేదని. ఆమె ఇంకా ఏమీ రాయలేదు. జ్వరం ఉంది, అంతే. మనిషి ఉంది. అక్కడ కాసేపు కూర్చున్నాను. బ్యాటరీ దిగిపోతుందని తెలుసు, అయినా కూర్చున్నాను.

తర్వాత Ctrl r. మద్రాసోడా అంది, నాలిక్కరుచుకుని త్యాగరాజుగారికి అని మార్చింది. చేతులు కడుక్కోమంది. ఒక్కో లైనూ రాస్తూ వచ్చింది, నేను పక్కన కూర్చుని చూశాను. :q రాసింది, చెరిపేసింది. పది అంది, నాలుగంది. ఆ తర్వాత నా సెప్టెంబర్ వచ్చింది. ఆమె అక్కడ ఆగిపోయింది, నేను అక్కణ్ణుంచి వస్తూనే ఉన్నాను.

పన్నెండు.

ఆగిపోయేదాకా చూస్తూ కూర్చోవచ్చు. ఆస్పత్రిలో అలాగే కూర్చున్నాను. ఈసారి అలా వద్దు. బయటికి రావడం ఆమె చెప్పింది. ఆలస్యంగా చెప్పింది గానీ ఆమే చెప్పింది. ఈ నాలుగు మాటలు :w తో దాచి, :q కొడతాను.

నవంబర్ 16, ఆదివారం

కరెంటు వచ్చింది, నీళ్లు దిగాయి, కలైవాణి ఫోన్‌లో చెప్పినట్టు చేసి ఫైలు తెరిచాను.

u నొక్కితే Already at oldest change అంది.

i నొక్కాను.

ఇవాళ్టికి నాలుగు లైన్లయ్యాయి మేడమ్.