మీ అత్తగారు జవాబివ్వని రోజులు

నా పిచ్చుకకి,

అమ్మ ఆశీస్సులు. ఆ దేవుడి దయ వల్ల ఇక్కడ అందరం తిరుగుతూ, తింటూ, ఒకరినొకరు విసుక్కుంటూ బాగానే ఉన్నాం. మీరిద్దరూ కూడా అలాగే ఉండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను.

నీ ఉత్తరం నిన్న అందింది. అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను. నాన్నగారి దగ్గు తగ్గింది, మందు సీసా ఖాళీ కాకముందే తగ్గిందని ఆయనకే బాధగా ఉంది. నా మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు మాత్రమే గుర్తొస్తోంది. పక్కవాళ్ళు గోడకు వేసిన పచ్చరంగు నువ్వు ఊహించినంత ఘోరంగానే ఉంది.

ఆసుపత్రిలో నా కౌంటర్ సంగతి అడిగావు. కంటి పరీక్షకు వచ్చేవాళ్ళ పేర్లు రాసుకునే పెద్ద పుస్తకాలు నిజంగానే అటకెక్కాయి. ఇప్పుడంతా కంప్యూటర్లోనే. పేరు, వయసు, ఏ కంట్లో మసక, అన్నీ బ్రౌజర్ తెరిచి అందులోనే నింపాలి. మొదటిరోజు ఒక్కో మనిషికి ఒక్కో కొత్త ట్యాబ్ తెరిచాను. మూయాలని తెలియదు. మధ్యాహ్నానికి పైన వరస కిక్కిరిసి, ఏ పేరూ కనబడకుండా గీతల్లా సన్నబడిపోయింది. మందుల కౌంటర్ ఆయన వెనక నుంచి తొంగిచూసి, "అమ్మా, ఊళ్ళో కళ్ళజోళ్ళ వాళ్ళందర్నీ వరండాలో నిలబెట్టేశారు. ఒకళ్ళిద్దర్నైనా ఇంటికి పంపండి" అన్నాడు. డాక్టరుగారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను కానీ చెవులు వేడెక్కాయి.

అందుకే మీ అత్తగారి దగ్గర నేర్చుకోమని నువ్వు ఏర్పాటు చేసినప్పుడు కాదనలేకపోయాను. బడిలో ముప్పై ఏళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషి. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళాను. బాగా చెబుతుంది. ఒప్పుకోవాలి. "వదినా, బ్రౌజర్ అంటే కిటికీ. దాన్లోంచి మీరు చూసేవన్నీ బయట ఎక్కడెక్కడో ఉంటాయి. కిటికీ తుడిచినా, తలుపు మూసినా బయట ఉన్నది అక్కడే ఉంటుంది" అని మొదటిరోజే చెప్పింది. కుకీ అంటే అర్థం కాక నేను బిక్కమొహం వేస్తే, "మీరు ఆసుపత్రిలో చీటీ ఇస్తారు కదా, మళ్ళీ వచ్చినప్పుడు అది చూపిస్తే గుర్తుపడతారు కదా, అదే ఇది" అంది. అంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేరు. తరచూ చూసేవాటిని గుర్తుపెట్టి ఉంచుకోవడం, ఇదివరకు చూసినవి చరిత్రలో వెతుక్కోవడం, పాస్‌వర్డులు బ్రౌజర్‌కే అప్పజెప్పడం, ఏదీ గుర్తుపెట్టుకోని ప్రైవేటు కిటికీ తెరవడం, అన్నీ నేర్పింది. "ఈ ప్రైవేటుది ఎవరికి కావాలి వదినా?" అని అడిగితే, "మీలాంటి భక్తురాలికి అక్కర్లేదులెండి, మాలాంటి పాపాత్ములకి" అని పకపకా నవ్వింది.

పాఠాలు ఎందుకు ఆగిపోయాయని అడిగావు. అత్తగారు ఎనిమిది రోజులుగా నువ్వు ఈమెయిల్లో పంపే ఉత్తరాలకు జవాబివ్వడం లేదనీ, ఆదివారం ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి మామగారికి ఇచ్చేసిందనీ, నీ మీద కోపమేమో మెల్లగా కనుక్కోమనీ రాశావు. ఆవిడకు నీ మీద కోపం లేదు. ఆ మాట ముందు చెబుతున్నాను, మిగతాది చదివేలోపు నువ్వు కంగారుపడకుండా.

తల్లీ, నాకు మీ అత్తగారంటే అసూయ. ఇది ఇవాళ్టిది కాదు. నీ పెళ్ళయిన కొత్తలో "అత్తయ్య చాలా మంచిదమ్మా" అని నువ్వంటే దేవుడికి దండం పెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి ప్రతి మాటకూ "అత్తయ్య ఇలా చెప్పింది, అత్తయ్య అలా అంది" అంటుంటే దండం పెట్టడం తగ్గింది. నీకు జ్వరమొచ్చిన సంగతి నాకు ఆవిడ నోటితో తెలిసేది. ఎవరి కూతురు కబురు ఎవరు ఎవరికి చెప్పాలి? పైకి "అదృష్టవంతురాలు మా అమ్మాయి" అని నలుగురితో అనేదాన్ని. లోపల మాత్రం అన్నం కింద మంట ఆర్పడం మరిచినట్టు ఉండేది.

మొదటి పాఠం రోజు ఆవిడ బ్రౌజర్ పైన వరసలో గుర్తుపెట్టుకున్న వాటిలో మీ ఊరి వాతావరణం ఉంది. "పొద్దున్నే చూస్తాను వదినా. అక్కడ వానైతే గొడుగు తీసుకెళ్ళమని పిల్లకి రాస్తాను" అంది. నువ్వు ఉండే ఊళ్ళో వాన పడుతోందో లేదో ఇక్కడ కూర్చుని తెలుసుకోవచ్చని నాకు ఆ రోజువరకూ తెలియదు. నిన్ను కన్నదాన్ని నేను. నీ గొడుగు సంగతి చూస్తున్నది ఆవిడ. ఆ పూట పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. ఇంతసేపూ దీన్ని దాటవేస్తూ వచ్చాను.

రెండు వారాల కిందటి శుక్రవారం పాఠం మధ్యలో చినుకులు పడ్డాయి. ఆరేసిన బట్టలు తీయడానికి ఆవిడ పెరట్లోకి పరిగెత్తింది. తెర మీద రెండు ట్యాబులున్నాయి. ఒకటి నా పాఠం. రెండోదాని మీద నీ పేరుంది. ముట్టుకోకూడదని తెలుసు. ముట్టుకున్నాను.

నీ రొమ్ములో గడ్డ ఉందని, పరీక్ష చేయాలన్నారని చదివాను. "అమ్మకు చెప్పకండి అత్తయ్యా" అన్న మాటా చదివాను. దాని కింద ఇంకో మాట రాశావు. "మీ దగ్గరైతే ఏడవగలను. అమ్మ దగ్గర ఏడిస్తే మళ్ళీ నేనే అమ్మను ఓదార్చాలి."

ముందు గడ్డ గురించి గుండె ఆగాలి కదా, తల్లికి? దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ముందు ఆగింది ఆ రెండో మాట దగ్గరే. అందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

పెరట్లో ఆవిడ బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. చరిత్ర తుడిచేయడం ఎలాగో అంతకుముందు మంగళవారమే నేర్పింది. అందులో ఎన్ని గళ్ళుంటే అన్నిటికీ టిక్కు పెట్టాను. ఎప్పటినుంచి అని అడిగితే మొదటినుంచీ అన్నాను. తుడిచెయ్యి అన్నదాని మీద నొక్కాను. నేను చదివినట్టు తెలియకూడదన్నది ఒక కారణం. నీ ఉత్తరాలన్నీ దాంతోపాటు పోతాయనుకున్నది ఇంకో కారణం. మీరిద్దరూ రాసుకున్న మాటలు ఈ లోకంలో ఎక్కడా ఉండకూడదని అనుకున్నాను. కిటికీ తుడిస్తే బయట ఉన్నది పోదని మొదటిరోజే చెప్పింది కదా. నేను వినలేదు.

నీ ఉత్తరాలు పోలేదు. బ్రౌజర్ దాచి ఉంచిన ఆవిడ పాస్‌వర్డులు పోయాయి. మర్నాడు తెరిస్తే, నువ్వెవరు అని అడిగిందట. ఏడేళ్ళుగా బ్రౌజరే నింపేస్తుంటే ఆవిడకు మాత్రం ఎక్కడ గుర్తుంటుంది? కొత్తది పెట్టుకోవాలంటే, అప్పట్లో ఆ ఈమెయిల్ పెట్టిచ్చిన మీ ఆయన ఫోనుకు వచ్చే అంకెలు కావాలి. కొడుకును అడిగితే కోడలికి తెలుస్తుంది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినావిడ పాస్‌వర్డ్ మర్చిపోయిందని మీరు నవ్వుతారని అడగలేదు. ఫోన్లో మాట్లాడితే ఉత్తరం చూశారా అంటావని తప్పించుకుంది. నీకు అది కోపంలా కనిపించింది.

సోమవారం మా కౌంటర్ దగ్గరికి వచ్చింది. మొహం పీక్కుపోయింది. "వదినా, మీతో తప్ప ఎవరితోనూ అనలేను. ఎక్కడో ఏదో నొక్కేసి ఉంటాను, అదీ గుర్తులేదు. మా అమ్మకు కూడా మతిమరుపు ఇలాగే మొదలైంది" అంది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. "వయసు మీద పడుతోంది కదా వదినా, విశ్రాంతి తీసుకోండి" అన్నాను. ఎంతో మెత్తగా అన్నాను. నా గొంతు మెత్తనిదని అందరూ మెచ్చుకుంటారు, అది ఎందుకు పనికొస్తుందో ఆ రోజు చూశాను. ఆవిడ తల వంచుకుని వెళ్ళిపోతుంటే నాకు బాధ కలగలేదు. హాయిగా ఉంది.

ఆ హాయి ఎంతోకాలం లేదు. నీ గడ్డ సంగతి ఎవరినీ అడగడానికి లేదు. అడిగితే ఎలా తెలిసిందంటారు. దేవుడి ముందు కూర్చున్నా వెంటనే లేచిపోయేదాన్ని. నిన్న నీ ఉత్తరం వచ్చాక, ఇవాళ పని అవగానే తిన్నగా వాళ్ళింటికి వెళ్ళి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాను.

ఆవిడ అరవలేదు. కుర్చీలో కూర్చుంది. "పన్నెండు రోజులు వదినా. పొద్దున్న లేస్తూనే మావాడి పుట్టినరోజు, నా పెళ్ళిరోజు, బళ్ళో నా గది నంబరు అప్పజెప్పుకుంటున్నాను, ఇంకా ఏమేం మర్చిపోయానో చూసుకోవడానికి. మీరు చెప్పి ఉండొచ్చు" అంది. నేను కాళ్ళు పట్టుకోబోతే, "అవన్నీ వద్దు, లేవండి" అని కొడుక్కి ఫోన్ చేసి అంకెలు అడిగింది.

తెరిచేసరికి నీవి ఐదు ఉత్తరాలున్నాయి. ఒక్కొక్కటే చదువుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పరీక్ష పోయిన గురువారమే అయిపోయింది. మావాడు ఊళ్ళో లేడు, రాగలరా అత్తయ్యా అని రాసింది. ఒక్కతే వెళ్ళింది వదినా" అంది. ఆఖరిది చదివాక తెర నావైపు తిప్పి, "చదవండి. మీ కూతురే కదా" అంది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. "నాకు రాసింది కాదు" అన్నాను. "అయితే నోటితో చెబుతాను. గడ్డ మామూలుదేనట. భయం లేదట." నేను అలాగే నేల మీద కూర్చుండిపోయాను. ఇద్దరం ఏడ్చాం. కానీ ఒకరినొకరు పట్టుకుని కాదు. ఆవిడ అక్కడ, నేను ఇక్కడ.

వచ్చేటప్పుడు, "దానికి నేనేమీ చెప్పను. మీరే రాయండి. ఏదీ తగ్గించకండి" అంది. గేటు దాకా వచ్చాక, "శుక్రవారం పాఠానికి రండి. కానీ వాన కురిసినా, వరద వచ్చినా నేను గదిలోంచి కదలను" అంది. ఇంకా కోపంగానే ఉంది. ఉండాలి.

మా ఆసుపత్రి ఫారంలో రోగి పేరు కింద 'తోడు వచ్చినవారు' అని ఒక గడి ఉంటుంది. రోజూ నేనే అడిగి నింపుతాను. ఎవరూ లేరని చెప్పేవాళ్ళు గొంతు తగ్గించి చెబుతారు, నేను తల ఎత్తకుండా గీత గీసేస్తాను. పోయిన గురువారం నీ ఫారంలో కూడా ఎవరో అలా గీత గీసి ఉంటారు. ఆ గీత గీయించింది నేనే.

మీ అత్తగారంటే నాకు అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు. పోవాలని రోజూ అడుగుతున్నాను. కానీ ఇంకెప్పుడైనా నువ్వు అలాంటి ఫారం నింపాల్సి వస్తే ఆ గడిలో ఆవిడ పేరే రాయి. నువ్వు ఏడవాలంటే ఆవిడ దగ్గరే ఏడు. నన్ను ఓదార్చే పని పెట్టుకోకు. నాకు ఆ రోజు, ఆ వేళ చెబితే చాలు. వచ్చి బయట బల్ల మీద కూర్చుంటాను. నువ్వు బయటికొచ్చేదాకా పెదవి విప్పను.

నా మీద కోపముంటే నాకే రాయి, ఆవిడకు కాదు. అదొక్కటైనా నాకు దక్కనీ.

ఇట్లు,
నీ ఉత్తరం చదివి తప్పుచేసిన,
మీ అమ్మ