మీ ఒసాకా రోడ్డు పూర్తయిందట

ఏవండీ,

మీ ఒసాకా రోడ్డు పూర్తయిందటండీ. పేపర్లో బొమ్మ వేశారు. పైన నాలుగు వరసల చెట్లు, కింద సొరంగంలో రైలు. మీరుంటే ఈపాటికి ఆ పేపరు పట్టుకుని కైకలూరంతా తిరిగొచ్చేవారు.

ఆ ఊరంటే నాకు ఒళ్ళుమంట. మీరు చేసింది ఇక్కడి కాలవల మీద ఓవర్సీరు ఉద్యోగమే గాని, మనసంతా జపానులో ఉండేది. ఆ ఊరి బొమ్మలు మంచానికి ఎదురుగా గోడమీద, మన పెళ్ళి ఫోటో పెట్టె అడుగున. పెళ్ళయిన కొత్తలో నా చేతికి టేపు కొస ఇచ్చి, మన పెరటి గోడ నుంచి ఎదురింటి పెరటి గోడ దాకా కొలిచారు. "మన వీధి, రెండువైపులా ఇళ్ళు కలిస్తేగాని ఆ రోడ్డంత వెడల్పు రాదు, తెలుసా!" అన్నారు. ఆ కొలతలో మన ఇల్లు కూడా పోయింది. మీకది తోచనే లేదు. మా పుట్టింటికి రోడ్డు లేక కొల్లేట్లో దోనె మీద పూటంతా పడుతోందని నేను ఏడిస్తే మాత్రం, "నీళ్ళు తగ్గనీ, చూద్దాం" అనేవారు.

మీరు పోయి నేటికి ఏడాది. "వాడికి ఇష్టమైనవన్నీ పెట్టమ్మా, ఏదీ మర్చిపోకు" అన్నారు అత్తయ్యగారు. పెట్టెలోంచి మన పెళ్ళి ఫోటో తీసి, దాని ముందు విస్తరి వేశాను. గారెలు, కొర్రమీను పులుసు వడ్డించాను. ఇంకొకటి మిగిలిందని నాకొక్కదానికే తెలుసు.

పేపరు తెచ్చి విస్తరి పక్కనే పెట్టాను. బొమ్మ కనబడకుండా బోర్లా పెట్టాను.

ముందు అన్నం తినండి. తర్వాత చూసుకుందురుగాని.